రాజపూజ్యము – అవమానము
(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇప్పుడే శాస్త్రిగారు పంచాంగ శ్రవణము ముగించినారు. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది అందరమూ శ్రద్ధగా విన్నాము. నా ప్రక్కన కూర్చున్న మిత్రుడు తన రాశికి రాజపూజ్యము 1, అవమానము 7 అని వినగానే, "ఈ సంగతి మా ఆఫీసువారు శాస్త్రిగారికంటె ముందే చెప్పినారయ్యా" అన్నాడు. నవ్వుకున్నాము. కాని ఆ అంకెలు వింటూండగా నేను ఈనాడు చెప్పదలచుకున్న మాటకు దారి దొరికినట్లయినది. ఒక మనిషికి దక్కిన రాజపూజ్యమెంత, అవమానమెంత, అందులో ఏది న్యాయము, ఏది అన్యాయము అని అతడు పోయిన తరువాత లెక్క కట్టేవారు చరిత్రకారులు. ఆ లెక్క ఒకరు కట్టినట్లు మరొకరు కట్టరు. ఎందుకు కట్టరు? అదే నా విషయము.

ఈ విషయము నేనుగా ఎన్నుకున్నది కాదు. మన సంఘపు పఠనాలయములో ఒక సాయంత్రము కాలేజీలో చదివే కుర్రవాడొకడు నన్ను నిలవేసినాడు. "బాబాయ్, ఒక పుస్తకములో ఒకణ్ణి వీరుడంటారు, ఇంకో పుస్తకములో వాణ్ణే ద్రోహి అంటారు. అలాంటప్పుడు చరిత్ర అంటే ఎవరి అభిప్రాయము వారిదే గదా! మరి మేము పరీక్షకు చదవడమెందుకు?" అన్నాడు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాడిని. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. అటుపైన దొరికిన పుస్తకములు తెచ్చుకొని, తోచినంత ఆలోచించినాను. ఆ అబ్బాయికి బాకీపడిన జవాబు ఈనాడు మీ అందరి ఎదుట చెల్లిస్తున్నాను.

ఉదాహరణకు మన దేశపు నాయకులలో ఒకరిని తీసుకొనవచ్చును. కాని అట్లా తీసుకుంటే ఈ షామియానాలో సగము మంది ఒకవైపు, సగము మంది ఇంకొకవైపు లేస్తారు. పులిహోర చల్లారిపోతుంది. అందుచేత దూరదేశపు మనిషిని, ఫ్రాన్సు దేశపు మార్షల్ పెటైన్‌ను తీసుకున్నాను. పూర్తిగా దూరమని అనుటకూ వీలులేదు. మన తెలుగువారి యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది గదా. పెటైన్ ఫ్రాన్సుకు అధినేత అయిన 1940 లో యానాముకు కూడ ఆయన ఎవరి మనిషి అన్న ప్రశ్న తప్పలేదు. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

ఫిలిప్ పెటైన్ 1856 లో ఉత్తర ఫ్రాన్సులో ఒక రైతు కుటుంబములో పుట్టినాడు. సైన్యములో చేరినాడు గాని పెద్దగా పైకి రాలేదు. 1914 లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చేనాటికి ఆయన వయస్సు 58 ఏళ్ళు. ఇంకా కర్నలే. ఉద్యోగ విరమణ దగ్గరపడినది. యుద్ధము రాకపోతే ఆ పేరు మనకెవ్వరికీ తెలిసేది కాదు.

1916 ఫిబ్రవరి 21 న జర్మనులు వెర్డూన్ కోటపై విరుచుకుపడినారు. ఆ పోరు డిసెంబరు వరకు సాగినది. రెండు వైపులా కలిపి దాదాపు మూడు లక్షల మంది అక్కడ ప్రాణములు విడిచినారు. ఆ రణరంగమునకు మొదటి నెలలలో నాయకుడు పెటైన్. రైల్వేవాళ్ళము గనుక మనకు తెలియవలసిన సంగతి ఒకటున్నది. వెర్డూనుకు పోయే పెద్ద రైలు దారులు తెగిపోవడమో, శత్రువు ఫిరంగులకు అందడమో జరిగినది. మిగిలినవి ఒక చిన్న మీటరు గేజి లైను, ఒక రోడ్డు. ఆ రోడ్డు మీద రాత్రింబవళ్ళు ఎడతెగకుండా లారీలు నడిపించి మనుష్యులను, మందుగుండును, తిండిని చేరవేసినారు. రోడ్డు పాడైనచోట ఎప్పటికప్పుడు రాయి కొట్టి పోసినారు. అంతే కాదు. ఒకే దళమును చచ్చేవరకు ముందర నిలబెట్టకుండా, కొన్నాళ్ళు కాగానే వెనుకకు రప్పించి వేరే దళమును పంపే పద్ధతిని పెటైన్ నడిపించినాడు. అందువల్ల ఫ్రెంచి సైన్యములో ఎక్కువ భాగము వెర్డూన్ చూసి వచ్చినది. "మా ప్రాణాలను లెక్కచేసే జనరలు ఈయన ఒక్కడు" అన్న పేరు ఊరూరికి పాకినది.

1917 లో మరొక సేనాపతి చేసిన దాడి విఫలమై వేలాదిమంది వృథాగా చనిపోగా, విసిగిన సిపాయిలు ఎదురు తిరిగినారు. అప్పుడు పెటైన్‌ను ప్రధాన సేనాపతిగా వేసినారు. కొందరిని కాల్పించినాడు, నిజమే. కాని సెలవులు పెంచినాడు, తిండి బాగుచేయించినాడు, పనికిరాని దాడులు మాన్పించినాడు. సైన్యము నిలబడినది. 1918 లో యుద్ధము గెలిచి ఆయన మార్షల్ అయినాడు. ఇంతవరకు అంతా రాజపూజ్యమే.

ఇక 1940. మే నెలలో హిట్లరు సైన్యములు ఫ్రాన్సులో చొరబడినవి. ఆరు వారములలో ఆ మహారాజ్యము కూలినది. లక్షలాది జనము బండ్లమీద, సైకిళ్ళమీద, కాలినడకన దక్షిణమునకు పారిపోతున్నారు. అట్టి సమయమున జూన్ 16 న 84 ఏళ్ళ పెటైన్‌ను ప్రధానమంత్రిని చేసినారు. మరునాడే ఆయన రేడియోలో పోరాటము ఆపవలెనని చెప్పినాడు. ఆ మరునాడు, జూన్ 18 న, డిగాల్ అనే జనరలు లండను రేడియోలో, ఫ్రాన్సు ఓడిపోలేదు, పోరాటము సాగుతుందని చెప్పినాడు. ఈ డిగాల్ ఒకప్పుడు పెటైన్ క్రింద పనిచేసినవాడే.

జూన్ 22 న సంధి పత్రముపై సంతకములు జరిగినవి. ఎక్కడ? కాంపియేన్ అడవిలో ఒక రైలు పెట్టెలో. 1918 లో ఓడిన జర్మనుల చేత ఫ్రెంచివారు సంతకము చేయించుకున్నది ఆ పెట్టెలోనే. హిట్లరు దానిని మ్యూజియము గోడ పగులగొట్టించి బయటకు లాగించి, పాత చోటనే నిలబెట్టించినాడు. ఫ్రాన్సులో సగమునకు పైగా నేల జర్మను సైన్యము క్రిందికి పోయినది. మిగిలిన దక్షిణ భాగములో విషీ అనే నీళ్ళ ఊరు రాజధానిగా పెటైన్ ప్రభుత్వము ఏర్పడినది. జూలై 10 న పార్లమెంటు సభ్యులు అక్కడి నాటకశాలలో సమావేశమై 569 ఓట్లతో సర్వాధికారములు ఆయన చేతిలో పెట్టినారు. కాదన్నవారు 80 మంది మాత్రమే.

పదిహేను లక్షలకు పైగా ఫ్రెంచి సిపాయిలు జర్మనుల చేతిలో ఖైదీలుగా ఉన్నారు. ఇంటింటా ఏడుపే. ఆ స్థితిలో ఆ ముసలివానిని జనము ఇంటి పెద్దవలె చూసినారు. ఇళ్ళలో, బడులలో ఆయన పటములు వ్రేలాడినవి. దీనిని మనము ఎగతాళి చేయరాదు. ఇల్లు కూలినప్పుడు ఎవరైనా తాతగారి వైపే చూస్తారు.

అప్పుడే యానాం ప్రశ్న వచ్చినది. ఫ్రెంచి రాజ్యమునకు చెందిన ప్రతి ముక్కా విషీ వైపా, లండను వైపా తేల్చుకొనవలసి వచ్చినది. పాండిచేరి గవర్నరు లూయీ బోన్విన్ 1940 సెప్టెంబరులో డిగాల్ పక్షమున చేరినట్లు ప్రకటించినాడు. ఆ విధముగా గోదావరి పాయ ఒడ్డునున్న మన యానాం, పారిసు జర్మనుల చేతిలో ఉండగానే, లండనులోని స్వేచ్ఛా ఫ్రాన్సు లెక్కలోనికి పోయినది. చుట్టూ బ్రిటిషువారి ఇండియా ఉండగా గవర్నరుకు వేరే దారి ఉన్నదా అని అడగవచ్చును. ఆ ప్రశ్నను మనసులో ఉంచుకొనండి. "వేరే దారి ఉన్నదా?" అన్నదే ఈ కథ అంతటికీ కీలకము.

విషీ ప్రభుత్వము చేసిన పనులు చూద్దాము. పార్లమెంటు మూతపడినది. 1940 అక్టోబరు 3 న యూదులను సర్కారు ఉద్యోగములనుండి, బడులనుండి, పత్రికలనుండి తొలగించే చట్టము వచ్చినది. అదే నెల 24 న మాంత్వార్ అనే చిన్న రైలు స్టేషనులో పెటైన్ హిట్లరుతో చేయి కలిపినాడు. తరువాత రేడియోలో సహకార మార్గమున ప్రవేశిస్తున్నానని చెప్పినాడు. 1942 జూలై 16, 17 తేదీలలో పారిసులో ఫ్రెంచి పోలీసులే యూదుల ఇళ్ళ తలుపులు కొట్టి 13 వేల మందికి పైగా పట్టుకున్నారు. అందులో నాలుగు వేల మందికి పైగా పిల్లలు. ఆగస్టులో, జర్మను సిపాయి ఒక్కడు కూడ కాపలా లేని దక్షిణ భాగమునుండి దాదాపు పదివేల మంది పరదేశపు యూదులను విషీవారు అప్పగించినారు. యుద్ధము ముగిసేలోగా ఫ్రాన్సునుండి తరలించిన యూదులు సుమారు 76 వేలు. వారిలో తిరిగి వచ్చినవారు కొద్ది వేల మంది మాత్రమే.

1944 లో దేశము విముక్తమైనది. 1945 జూలై 23 నుంచి ఆగస్టు 15 వరకు పెటైన్‌పై విచారణ జరిగి మరణశిక్ష పడినది. వయస్సును బట్టి డిగాల్ దానిని యావజ్జీవ ఖైదుగా మార్చినాడు. 1951 లో, 95 వ ఏట, యూ అనే చిన్న ద్వీపములో ఆ ముసలివాడు కన్ను మూసినాడు. వెర్డూనులో తన సిపాయిల నడుమ పూడ్చవలెనన్నది ఆయన కోరిక. అది నెరవేరలేదు. 1973 లో అభిమానులు కొందరు శవపేటికను దొంగిలించి ఆ కోరిక తీర్చబోయినారు గాని, కొద్ది దినములలోనే దొరికిపోయినారు.

ఇక చరిత్రకారుల దగ్గరకు వద్దాము.

విచారణలో పెటైన్ చెప్పుకున్న సమాధానము క్లుప్తముగా ఇది: డిగాల్ బయటనుండి కత్తి పట్టినాడు, నేను లోపల డాలుగా నిలిచి ప్రజలపై పడే దెబ్బలను కాచినాను, నేను లేకుంటే ఇంకా ఘోరము జరిగేది. 1954 లో రోబేర్ ఆరాన్ అనే రచయిత విషీ చరిత్రను పెద్ద గ్రంథముగా వ్రాసినాడు. ఆయన విషీ చేసినదంతా మెచ్చుకొనలేదు. యూదు కుటుంబములో పుట్టినవాడు; మెచ్చుకొనవలసిన అవసరము ఆయనకు లేదు. అయినప్పటికి, విషీలు రెండున్నవి, ఒకటి పెటైన్‌ది, మరొకటి మంత్రి లావాల్‌ది. పెటైన్ లోలోపల జర్మనులను ఎదుర్కొంటూ కాలయాపన చేసినాడు. మొత్తము మీద డాలు అన్నది కొంత నిజమే, అన్న ధోరణిలో వ్రాసినాడు. సుమారు ఇరవై ఏళ్ళు ఆ పుస్తకమే ప్రమాణముగా చెల్లినది.

ఆయన అబద్ధము వ్రాసినాడా? కాదు. అక్కడే మనకు పాఠమున్నది. అది చెప్పుటకు నా సొంత అనుభవమొకటి చెప్పవలెను. ఇది చెప్పుకొనుటకు సిగ్గుపడే సంగతి. అయినా చెబుతాను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న స్టేషనులో గూడ్సు బండి పట్టాలు తప్పినది. ప్రాణనష్టము లేదు. విచారణలో అందరి వాఙ్మూలములు శుభ్రప్రతి వ్రాసి, పైన ఒక పేజీ సారాంశము కట్టే పని నాకు పడినది. ఆ పూట డ్యూటీలో ఉన్నది ఒక పెద్దాయన. రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు. మచ్చలేని సర్వీసు. ఒకప్పుడు వరదలో ప్రాణాలకు తెగించి ఒక బండిని ఆపించిన మనిషి. మాకందరికీ తండ్రివంటివాడు. తాను పాయింట్లు సరిచేయించిన తరువాతనే సిగ్నలు ఇచ్చినానని ఆయన నిదానముగా చెప్పినాడు. ఎదురు చెప్పినది ఒక పాయింట్స్‌మన్. తడబడుతూ చెప్పినాడు, పొద్దు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పినాడు. నా సారాంశములో "పెద్దాయన మాట నమ్మదగినదిగా ఉన్నది" అని వ్రాసినాను. దాని పైన పాయింట్స్‌మన్‌ను సస్పెండు చేసినారు.

మూడు వారముల తరువాత ట్రెయిను రిజిస్టరు తెప్పించినారు. పాయింట్లు సరిపడినవని క్యాబిను నుంచి ఇచ్చే ప్రైవేటు నంబరు, సిగ్నలు ఇచ్చిన సమయమునకు నాలుగు నిమిషములు వెనుక నమోదై ఉన్నది. రిజిస్టరుకు పెద్దలూ లేరు, పిన్నలూ లేరు. పాయింట్స్‌మన్‌కు ఉద్యోగము తిరిగి వచ్చినది గాని, ఆ మూడు వారములు అతని భార్య తాళిబొట్టు తాకట్టు పెట్టి ఇల్లు గడిపినదని తరువాత తెలిసినది. నేను దొంగలెక్క వ్రాయలేదు. నాకు అందిన కాగితములను బట్టి వ్రాసినాను. కాని అందని కాగితము ఒకటి ఉన్నదని ఆలోచించలేదు. గౌరవమును సాక్ష్యముగా పొరబడినాను.

రోబేర్ ఆరాన్ స్థితి ఇంచుమించు అదే. ఆనాటికి ప్రభుత్వ దస్తావేజుల గదులకు తాళములు పడి ఉన్నవి. ఆయనకు ముఖ్యముగా దొరికినవి కోర్టు విచారణలలో విషీ పెద్దలు తమ ప్రాణములు కాపాడుకొనుటకు చెప్పిన మాటలు. వాఙ్మూలములు ఉన్నవి, రిజిస్టరు లేదు.

రిజిస్టరు తెచ్చినవారు బయటివారు. 1966 లో ఎబర్‌హార్డ్ యెకెల్ అనే జర్మను చరిత్రకారుడు జర్మను దస్తావేజుల నుండి కొంత బయటపెట్టినాడు. 1972 లో రాబర్టు పాక్స్‌టన్ అనే అమెరికన్ ఆచార్యుని పుస్తకము వచ్చినది. మరుసటి సంవత్సరము ఫ్రెంచిలోకి దిగినది. యుద్ధములో పట్టుబడిన జర్మను టెలిగ్రాములు, నివేదికలు ఆయన చదివినాడు. అందులో తేలినదేమిటి? సహకారము కావాలని వెంటపడినది జర్మనులు కాదు, విషీవారే. హిట్లరుకు కావలసినది ఫ్రాన్సు ధాన్యము, డబ్బు, బొగ్గు, మనుష్యులు, స్నేహము కాదు. 1940 నాటి యూదుల చట్టము జర్మనుల ఆజ్ఞపై రాలేదు. విషీ తానుగా చేసినది. పెటైన్ విషీ వేరు, లావాల్ విషీ వేరు అన్నదీ నిలువలేదు. ఇక డాలు సంగతి: దినమునకు 40 కోట్ల ఫ్రాంకుల చొప్పున ఆక్రమణ ఖర్చు కట్టినారు; ఆరు లక్షల మందికి పైగా కార్మికులు జర్మనీకి పోయినారు; ఖైదీలలో ఎక్కువమంది యుద్ధము ముగిసేవరకు తిరిగి రాలేదు. మరి డాలు కాచిన దెబ్బ ఏది? అని పాక్స్‌టన్ అడిగినాడు.

ఫ్రాన్సులో పెద్ద గొడవ అయినది. "ఆ కాలములో ఇక్కడ లేనివాడు, పరదేశి, వీనికేమి తెలుసును?" అన్నవారు ఉన్నారు. కాని క్రమముగా ఫ్రెంచి చరిత్రకారులు కూడ దస్తావేజులు తెరచి చూసినారు. చాలావరకు పాక్స్‌టన్ చెప్పినదే నిలిచినది. 1995 లో అధ్యక్షుడు షిరాక్, యూదులను పట్టి ఇచ్చుటలో ఫ్రెంచి రాజ్యము పాలు పంచుకున్నదని దేశము పక్షమున బహిరంగముగా ఒప్పుకున్నాడు. 2010 లో మరొక కాగితము బయటికి వచ్చినది. అది 1940 నాటి యూదుల చట్టపు చిత్తుప్రతి. దాని మీద పెన్సిలు దిద్దుబాట్లు ఉన్నవి. ఆ చేవ్రాత పెటైన్‌దని నిపుణులు చెప్పినారు. కొందరు యూదులకు ఉన్న మినహాయింపును ఆ చేయి కొట్టివేసినది. చట్టమును మెత్తబరచలేదు, బిగించినది. ముసలివానికి ఏమీ తెలియదు, చుట్టూ ఉన్నవారు చేయించినారు అన్న మాటకు ఆ పెన్సిలు గీత గట్టి దెబ్బ.

అంతటితో వాదము ముగిసినదా? లేదు. ఇది మా కుర్రవాడు శ్రద్ధగా వినవలసిన చోటు. వాదము ముగియలేదు గాని, ప్రశ్న మారినది.

ఒక ప్రశ్న ఇది: ఫ్రాన్సులోని యూదులలో దాదాపు నాలుగింట మూడు వంతులు బ్రతికినారు. హాలండులో దాదాపు నాలుగింట మూడు వంతులు నశించినారు. ఈ తేడా ఎవరి చలువ? విషీ స్వదేశపు యూదులను కొంతవరకు దాచుకొన్నదని 2012 లో ఆలెన్ మిషెల్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు. 1943 లో యూదుల పౌరసత్వము తీసివేసే చట్టముపై సంతకము చేయుటకు పెటైన్ ఒప్పుకొనలేదన్నది నిజమే. అది దాచరాదు. కాని అప్పటికి యుద్ధపు గాలి తిరిగినది. జనము, చర్చివారు నోరు విప్పినారు. 2013 లో జాక్ సెమెలెన్ వేరే వైపు చూపినాడు: దేశము విశాలము, కొండలున్నవి, పల్లెలున్నవి, పిల్లలను తమ పిల్లలని చెప్పి దాచిన రైతులున్నారు, పంతులమ్మలున్నారు, సన్యాసినులున్నారు. బ్రతికించినది అధినేత కాదు, పేరు లేని పొరుగువారు అన్నాడు.

రెండవ ప్రశ్న జనమును గూర్చి. పియేర్ లాబోరీ అనే చరిత్రకారుడు ఆనాటి ప్రజల మనసు వెదకినాడు. గోడమీద మార్షలుగారి పటము, అర్ధరాత్రి చెవి దగ్గర లండను రేడియో. ఒకే ఇంట్లో రెండూ ఉండేవి. వారిని ద్రోహులనగలమా, వీరులనగలమా? మూడవ ప్రశ్న జ్ఞాపకమును గూర్చి. 1987 లో ఆంరీ రూసో, విషీని గాక, విషీని ఫ్రాన్సు మరచిపోవడమూ మళ్ళీ గుర్తుచేసుకొనడమూ ఎట్లా జరిగినదో ఒక రోగమును వైద్యుడు వర్ణించినట్లు వ్రాసినాడు. 2018 లో కూడ అధ్యక్షుడు మాక్రాన్, మొదటి యుద్ధములో పెటైన్ గొప్ప సిపాయి అని ఒక మాట అనగానే దేశమంతా రగిలిపోయినది. వెర్డూన్ పుణ్యము విషీ పాపమునకు జమ వేయవచ్చునా? నా మట్టుకు నాకు తోచినది చెబుతాను. వరదలో బండిని ఆపిన పెద్దాయన పుణ్యము ఆయనదే. అది ఎవరూ చెరపలేరు. కాని దాని మూలమున పాయింట్స్‌మన్‌కు జరిగిన అన్యాయము న్యాయమైపోదు. ఏ పద్దు ఆ పద్దే. ఒక పద్దులోని జమను ఇంకొక పద్దులోని ఖర్చుకు ఎక్కించే గుమాస్తాను ఆడిట్‌వారు ఊరకే విడిచిపెట్టరు.

ఇప్పుడు అబ్బాయికి నా జవాబు. నాయనా, చరిత్రకారులు మూడు కారణములచేత తేడాగా వ్రాస్తారు. ఒకటి, ఇద్దరికీ ఒకే కాగితములు అందవు. రెండు, ఇద్దరూ ఒకే ప్రశ్న అడగరు, ఒకడు "ఆయన ఏమనుకున్నాడు?" అని అడిగితే, ఇంకొకడు "దానివల్ల ఎవరికి ఏమయినది?" అని అడుగుతాడు. మూడు, ఏది పెద్ద తప్పు, ఏది చిన్న తప్పు అన్న తూనికరాయి ఇద్దరి దగ్గర ఒకటి కాదు. మొదటి తేడాను దస్తావేజులు తీరుస్తవి. అది అభిప్రాయము కాదు; రిజిస్టరు వచ్చిన తరువాత కూడ పాత సారాంశమునే పట్టుకొని కూర్చుంటే అది మొండితనము. రెండవ తేడా మేలే చేస్తుంది. ఎన్ని ప్రశ్నలు వేస్తే అంత తెలుస్తుంది. మూడవ తేడా ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మనమే తూచుకొనవలెను. మా రిజిస్టరు కూడ సిగ్నలు ఎప్పుడిచ్చినారో చెప్పినది గాని, ఆ పెద్దాయన ఎందుకు తొందరపడినాడో చెప్పలేదు. నిద్రలేమియా, మరపా, అతి నమ్మకమా? అది నేటికీ నాకు తెలియదు. తెలియనిది కొంత ఉన్నదని తెలిసినదంతా కొట్టివేయరాదు.

చివరగా ఒక మాట. ఈ పుస్తకములు చదువుతూండగా నన్ను నిద్రపోనీయనిది పెటైన్ కాదు. ఆ రైళ్ళు. పారిసు దగ్గర ద్రాన్సీ నిర్బంధ శిబిరము నుంచి ఇంచుమించు వెయ్యేసి మందితో ఒక్కొక్క బండి కదిలినది. ఆ బండ్లకు టైము వేసినవాడున్నాడు, పెట్టెలు లెక్క వ్రాసినవాడున్నాడు, ఇంజను నడిపినవాడున్నాడు. అందరూ జీతము రాళ్ళమీద బ్రతికే నాబోటి సంసారులే. అదే రైల్వేలో పట్టాలు పేల్చి, బండ్లను దారి తప్పించి, ప్రాణములిచ్చిన కార్మికులూ ఎందరో ఉన్నారు. లేయోన్ బ్రోన్షార్ అనే ఇంజను డ్రైవరు 1942 లో, ఖైదీలను తీసుకొనిపోయే బండి నడపనని దిగిపోయినాడు. ఫ్రాన్సు న్యాయమూర్తులందరూ మార్షలుకు విధేయతా ప్రమాణము చేయవలసి వచ్చినప్పుడు, చేయనన్న న్యాయమూర్తి పాల్ దిదియే ఒక్కడే. 2011 లో ఫ్రెంచి రైల్వే అధిపతి బోబిన్యీ స్టేషనులో నిలబడి, ఆ తరలింపులలో తమ సంస్థ పాత్రకు విచారము ప్రకటించినాడు. ఆ స్టేషనునుంచే ఎన్నో బండ్లు కదిలినవి.

"వేరే దారి ఉన్నదా?" అన్న ప్రశ్నకు చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. కాని ఒక్కడైనా దిగిపోయినాడంటే దారి ఉన్నదన్నమాటే. ఆ దారిన నేను పోయి ఉందునా? పెళ్ళాము బిడ్డలున్నవాడిని, గొప్పలు చెప్పను. పోకపోవచ్చునన్న భయము నాకున్నది. ఆ భయము ఉండడము మంచిదని మాత్రము అనుకుంటున్నాను. నా బల్ల మీదికి వచ్చే ప్రతి కాగితము వెనుక ఒక పాయింట్స్‌మన్ ఇల్లు ఉంటుందని అది గుర్తుచేస్తుంది. ఈనాటికీ సారాంశము వ్రాసేముందు, "అందవలసిన కాగితము ఇంకేదైనా ఉన్నదా?" అని ఒకసారి అడుగుతాను. చరిత్ర చదివినందుకు నాకు దక్కిన ఆదాయము అదే.

పరాయి రాష్ట్రములో తరతరాలుగా బ్రతుకుతున్న మనకు ఇది మరీ అవసరము. మనలను గూర్చి ఇతరులు ఒక మాట అనేస్తే మనకు ఎంత నొప్పిగా ఉంటుందో మనకు తెలుసును. అందుచేత ఇతరులను గూర్చి, చనిపోయినవారిని గూర్చి కూడ, కాగితములన్నీ చూడకుండా రాజపూజ్యమో అవమానమో అంటగట్టకుండా ఉందాము. చూసిన తరువాత ఉన్నది ఉన్నట్లు చెప్పుటకు వెనుకాడకుండా ఉందాము.

ఈ నూతన సంవత్సరములో మీ అందరికీ ఆదాయము వ్యయమును మించుగాక, రాజపూజ్యము న్యాయముగా దక్కుగాక అని కోరుకుంటున్నాను.